సొట్ట

విద్యానగర్‌ల ఒక పెండ్లి హాలు కింద, సెల్లార్‌ల,
మూడు రోజుల సంది ఇచ్చిపోయిన సామాన్ల నడుమ కూసున్న.
ఆర్టీసీ డిపోల ముప్పై ఒక్క ఏండ్లు టికెట్ల లెక్క చూసినోణ్ణని
రిజిస్టర్ నా ఒళ్లె పెట్టిన్రు.

విజిల్ లేని కుక్కర్లు నాలుగు.
మూత దొరకని డబ్బాలు, డబ్బా దొరకని మూతలు.
మిక్సీ ఒకటి, జార్లు దాచుకొని ఇచ్చింది.
జంపఖానా విప్పితే ఏదో పాత పూజ కర్పూరం గుప్పుమన్నది.
ఒకాయన కారు దిగకుండనే అద్దం దించి దుప్పట్లు అందిచ్చిండు.
దుప్పట్లు, రెండు, అని రాసుకున్న.
అద్దం మళ్ల పైకెక్కింది. అది రాయలే.

స్టీలు గిన్నెల సంగతి వేరే.
మన దిక్కు వాటికి పేర్లుంటయి.
చుక్క పక్కన చుక్క పొడిచి చెక్కిన పేరు, తారీఖు,
ఎవరు పెట్టిన్రో, ఎవరి పెండ్లికో.
చేతిల పట్టుకుంటే
పిలవని పేరంటానికి పోయి గడపల నిలబడ్డట్టుంటది.

తెల్లారి జహంగీర్ ట్రాలీ తెచ్చిండు.
దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్, అక్కడికెంచి సాగర్ రోడ్డు.
తుర్కయంజాల్ కాడ ప్రతి స్పీడ్ బ్రేకర్‌కు
ఎనక గిన్నెలన్ని ఒక్కసారి మోగుతున్నయి.
"దావత్ నడుస్తున్నట్టుంది అన్నా," అని నవ్విండు.
బొంగులూరు గేటు దాటినంక
మా ఇద్దరికి మాటలు తక్కువైనయి.

యాచారం అవతల, గుండ్లకుంట. ఇరవై మూడు ఇండ్లు.
పేరు పిలుస్తున్న, వేలిముద్ర తీసుకుంటున్న.
"ముట్టిందా?" అంటే "ముట్టింది" అంటున్నరు.
పదహారో పేరు మొగులమ్మ.
మోకాలు పట్టుకొని మెల్లగ వచ్చింది.
గిన్నె చేతికియ్యంగనే ముద్ర మర్చిపోయింది.

"సారూ, గిది నేను తోమిన గిన్నె."

అన్ని గిన్నెలు గట్లనే ఉంటయి కదమ్మా, అన్న.
ఆమె బోర్లిచ్చింది.
చీకట్ల స్విచ్ తెలిసినట్టు
వేలు సక్కగ అంచు కింది సొట్ట కాడికే పోయింది.
"బర్కత్‌పుర. మూడో అంతస్తు.
చెయ్యి జారి మెట్ల మీద పడ్డది.
ఆ నెల జీతంల రెండొందలు పట్టుకున్నరు."

కోపం లేదు గొంతుల. వానెప్పుడు పడ్డదో చెప్పినట్టు చెప్పింది.

"గీ అక్షరాలల్ల సబ్బు ఇరుక్కునేది.
చీపురు పుల్లతోని తీసేదాన్ని, తొమ్మిదేండ్లు.
ఏం రాసుందో జర సదువు సారూ."

అద్దాలు పెట్టుకొని సదివిన:
'సౌ. సుభాషిణికి, మేనత్త. 1991.'

"మేనత్తనా?"
కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది, నవ్వింది,
వరుసల నిలబడ్డోళ్లంత ఎనక్కి మర్రి చూసిన్రు.
"నేను దేవుని పేరనుకున్న సారూ!
అందుకే గదా ఎన్నడు కాలుతోని జరపలే."

నాకు నవ్వు రాలే.
ముప్పై ఒక్క ఏండ్లు ఊరూరి పేర్లు సదివినోణ్ణి,
ఒక్క మాట సదివిపెడితే ఏం పోయేదో ఆ ఇంటోళ్లకు,
అనుకుంటనే మా ఇంట్ల తోమే మనిషి
ఇంటిపేరు యాదికి రాక ఆగిపోయిన.

ముద్ర ఏసింది. నాలుగడుగులు పోయి మళ్ల తిరిగింది.
"ఒక్క మాట అంటే ఏమనుకోరు కదా.
ఉత్త గిన్నె ఇయ్యరు సారూ, ఎవరికైనా.
చిటికెడు ఉప్పన్న ఏసి ఇస్తరు."

రిజిస్టర్‌ల తల పెట్టి కూసున్న నేను.
జహంగీరే ఉరికిండు క్యాబిన్ కాడికి.
పొద్దున చాయ్‌ల ముంచుకోని మిగిలిన ఉస్మానియా బిస్కెట్ల పొట్లం
గిన్నెల గుమ్మరిచ్చిండు.
కొన్ని విరిగినయి, కొన్ని నిండుగున్నయి.
ఎన్నో,
లెక్క పెట్టలే.